వియ్యపురాళ్ల మర్యాద

మా అత్త కుప్పమ్మ, మా అమ్మ మునిలక్ష్మి నా పెళ్లయినప్పటి నుంచి ఒకరినొకరు పల్లెత్తు మాట అనుకోలేదు. విని మురిసిపోకండి. మాట అనుకునేంత దగ్గరికి వాళ్లెప్పుడూ రాలేదు, అంతే. ఇద్దరికీ మర్యాద ఎక్కువ. ఆ మర్యాద ముదిరి ముదిరి, ఈ మామిడి సీజన్లో నా కూతురి ప్రాణం మీదికి తెచ్చింది.

నా పేరు దేవసేన. చిత్తూరు బయట ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, కాయలు ఏరే లైను దగ్గర సూపర్‌వైజర్‌ని. మా ఆయన రవిచంద్ర నాయుడుపేట దగ్గర ఒక కంపెనీలో పనిచేస్తాడు. అక్కడే గది తీసుకుని ఉంటాడు, ఆదివారం ఆదివారం వస్తాడు. సంతపేటలో మా ఇంట్లో ఉండేది నేను, అత్త, నాలుగేళ్ల లోహిత. లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా లోహిత నోరు మూతపడదు. వీధిలో పోయే పాలవాణ్ణి కూడా ఆపి ప్రశ్నలు వేస్తుంది. అలాంటి పిల్ల ఒక సోమవారం పొద్దున మాట్లాడకుండా మూలకు ముడుచుకుని పడుకుంది. చెయ్యి పెట్టి చూస్తే ఒళ్లు పెనంలాగా కాలుతోంది. నీళ్లిస్తే ఒక్క గుటక మింగి, గొంతు పట్టుకుని ఏడ్చింది.

పిల్లల డాక్టరు గ్రేసీ గారి దగ్గరికి ఎత్తుకుని పరుగెత్తాను. ఆమె టార్చి వేసి గొంతులోకి చూశారు.

"రెండు పక్కలా టాన్సిల్స్ బాగా వాచినాయమ్మా. వాటి మీద తెల్లగా చీము కూడా కనబడతా ఉంది. భయమేం లేదు, మందుకు లొంగేదే. కానీ మందు మాత్రం ఒక్క పూట కూడా తప్పకూడదు" అన్నారు.

జ్వరానికి ఒక సీసా, గొంతులో చీముకు ఇంకొకటి రాశారు. రెండోది పొడి మందు. కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోసి కలిపి, ఫ్రిజ్జులో పెట్టుకుని, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పోయాలి. ఒక సీసా చాలదు కాబట్టి రెండు కొనుక్కోమన్నారు. మొదటిది అయ్యాక రెండోది కలపాలి. జ్వరం దిగినా, తను చెప్పినన్నాళ్లూ పోయాల్సిందేనని, రెండు రోజుల్లో జ్వరం దిగకపోతే వెంటనే తీసుకురమ్మని గట్టిగా చెప్పి పంపారు.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి కూడా చెప్పాలి. జూన్ నెలలో మా ఫ్యాక్టరీలో సెలవు అడగడమంటే పెళ్లి పందిట్లో నిలబడి వేరే సంబంధం మాట్లాడినట్టే. గేటు బయట తోతాపురి మామిడి లారీలు బారులు తీరి ఉంటాయి, కాయ ఒక్క రోజు ఆగదు. తెల్లారకముందే వ్యాను వస్తుంది, పొద్దుగూకాక దింపుతుంది. అందుకని కార్వేటినగరంలో ఉన్న మా అమ్మకు ఫోన్ చేశాను. సాయంత్రానికల్లా బస్సు దిగేసింది. ఇంట్లో పిల్లకు ఇటు నాన్న వైపు జేజి, అటు అమ్మ వైపు అవ్వ. ఇద్దరు పెద్దాళ్లున్నారు, ఇంకేం కావాలి అనుకున్నాను.

మందు కలిపి ఫ్రిజ్జులో పెట్టి, ఇద్దర్నీ పిలిచి చెప్పాను. "రాత్రి మందు నేను పోస్తా. పొద్దున, మద్దేన్నం మీరు పోయాల. ఇద్దురూ ఉండారు గదా, సూసుకోండి."

"దానికేం భాగ్గిం" అంది అత్త.

"నువ్వు నిమ్మళంగా పనికి పో మే" అంది అమ్మ.

మా వైపు ఆడపిల్ల తల్లి వియ్యాలవారింటికి వస్తే చుట్టమే. ఎన్నాళ్లున్నా చుట్టమే. తనంతట తాను వంటింట్లోకి పోదు, గిన్నె మీద మూత తీసి చూడదు. ఇంటామె కూడా వియ్యపురాలి చేత పుల్ల తీసి పుల్ల పెట్టించదు. చేయిస్తే నలుగురూ నవ్వుతారు. మా ఇంట్లో ఫ్రిజ్జు ఉండేది వంటింట్లో. మర్నాడు పొద్దున అమ్మ లేచి వంటింటి గడప దాకా పోయిందట.

"అయ్యో, మీరు కూసోండి వదినా. ప్రయాణం జేసొచ్చినారు. ఈడ నేనుండాను గదా, మీకెందుకు శ్రమ?" అందట అత్త.

నిజంగా ప్రేమతోనే అంది. మా అమ్మ ఆ ప్రేమను అక్షరాలా తీసుకుని వెనక్కి వచ్చి కూర్చుంది. ఆ తర్వాత ఆ గడప తొక్కలేదు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసిందల్లా, జ్వరం దిగడం లేదని. జ్వరం మందు పోస్తే కాసేపు చెమట పట్టి, పిల్ల కళ్లు తెరిచి, బొమ్మ అడిగేది. హమ్మయ్య అనుకునే లోపల మళ్లీ ఒళ్లు కాలేది. మంగళవారం పోయింది, బుధవారం పోయింది. సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు కూడా విడవకుండా అడిగేదాన్ని.

"మందు పోసినారా?"

"మీయమ్మ పిల్ల పక్క వదల్లేదు, ఏం లోటు?" అనేది అత్త పొయ్యి దగ్గర్నుంచి.

"మీ అత్త కంటికి రెప్ప మాదిరి సూసుకుంటాండాది" అనేది అమ్మ మంచం మీద నుంచి.

రెండు మాటలూ నాకు 'పోశాం' అన్నట్టే వినిపించాయి. పొద్దంతా కాయల మధ్య నిలబడి కాళ్లు పీకుతున్న మనిషికి ఇంకెలా వినిపిస్తాయి? రాత్రి పూట నిద్ర కళ్లతో చెంచాడు పోసి, సీసా లోపల పెట్టేసి, పిల్ల పక్కన వాలిపోయేదాన్ని.

ఈలోపల ఇంట్లో జ్వరానికి కారణం మీద పెద్ద పోరాటం నడుస్తోంది. అది కూడా మర్యాదగానే. అత్త లెక్క ప్రకారం ఇది చలవ. ఫ్రిజ్జు నీళ్లు తాగి గొంతు పట్టింది. మిరియాల కషాయం కాచి తెచ్చింది. అమ్మ లెక్క ప్రకారం ఇది వేడి. నేను ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన మామిడిపళ్లు తిని ఒళ్లు వేడెక్కింది. పల్చటి మజ్జిగ కలిపించమంది. ఇద్దరూ ఒకరితో ఒకరు చెప్పుకోరు, ఇద్దరూ నాకే చెబుతారు.

"మీయమ్మ పెద్దామె, నేనేం జెప్పేది. మజ్జిగ మాత్రం వొద్దని నువ్వే సెప్పు."

"మీ అత్త బాధపడతాదేమో, కసాయం వొద్దని నువ్వే మెల్లింగా సెప్పు మే."

మధ్యలో పిల్ల అటు కషాయమూ తాగలేదు, ఇటు మజ్జిగా తాగలేదు. గురువారం పొద్దున పెదాలు ఎండి పొక్కులు పొక్కులుగా లేచాయి. నోటి నుంచి వాసన. పిలిస్తే కళ్లు తిప్పి చూస్తుందే తప్ప పలకదు. ఆ చూపు చూడగానే పిల్లను భుజానికెత్తుకున్నాను. బయట వ్యాను హారన్ కొడుతోంది. డ్రైవరు ధనంజయ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏంది మేడం, రారా?" అని కేక వేశాడు.

"రాను. కాయలు కుళ్లిపోతే కుళ్లిపోనీ. పోయి సెప్పుకో" అన్నాను.

పాపం, అతని తప్పేముంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే కాబోలు. అప్పటికి నాకు అత్త మీద కోపం ఉందని కూడా తెలియదు.

ఆటోలో నా ఒడిలో పిల్ల, చెరో పక్క ఇద్దరు పెద్దాళ్లు. ఇంట్లో ఉండమంటే ఎవరూ వినలేదు. డాక్టరు గ్రేసీ మళ్లీ టార్చి వేశారు. ఈసారి చాలాసేపు చూశారు. మెడ తడిమారు, ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నారు, పొట్ట మీద చర్మం చిటికెతో లాగి వదిలారు.

"ఊపిరికి ఇబ్బంది లేదు, నోరు బాగానే తెరుస్తా ఉంది, మెడ పక్కన గడ్డ కట్టలేదు. అంతవరకు నయం. కానీ గొంతు తగ్గకపోగా ఎక్కువైంది. ఒంట్లో నీళ్లు తగ్గిపోయినాయి. ఇంత మందు పోసినా ఇట్ల ఉందంటే, ఆస్పత్రిలో చేర్చి నరంలోకి ఎక్కించాల్సి వస్తుందమ్మా. తిరుపతికి రాసిస్తాను" అన్నారు.

నరం అనగానే లోహిత నా పైట గట్టిగా పట్టుకుంది. అంత నీరసంలో కూడా ఆ మాట దానికి అర్థమైంది.

డాక్టరు రాయబోతూ ఆగారు. "రెండో సీసా ఎప్పుడు కలిపినారు?"

"రెండో సీసానా?"

"అవును. మొదటిది నిన్న పొద్దునకే అయిపోయుండాలే."

రెండో సీసా ఇంకా మూత తీయకుండా, పొడిగానే, ఫ్రిజ్జు పైన ఉంది. మొదటి సీసాలో నిన్న రాత్రి నేను పోసినప్పుడు ఇంకా సగం పైనే ఉంది. చూశాను, చూసి కూడా బుర్రకెక్కలేదు.

నేను అత్త వైపు తిరిగాను. అత్త అమ్మ వైపు చూసింది. అమ్మ అత్త వైపు చూసింది.

"మీరు పొయ్యలేదా వదినా?" అంది అత్త.

"నేనా? మీరు గదా పోసేది!" అంది అమ్మ.

"నేనెట్ల పోస్తాను? గొంతు పట్టిన బిడ్డకి ఫ్రిజ్జులోంది సల్లంగా తీసి పోస్తే కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడినట్ల గాదా? నాకు సెయ్యాడలేదు. జొరం మందు బయటుండాది గాబట్టి అది నేనే పోస్తాండా. ఇది మీరు పోస్తాండారులే అనుకున్యా. మీరు అంగనవాడీలో జేసినోళ్లు, మీకు బాగా తెలుసు గదా అని."

"మీ వంటింట్లోకి నేనెట్ల వొచ్చేది? మొదుటి దినమే కూసోమంటిరి. సీసా యాడుండాదో గూడా సూళ్లేదు నేను."

నాకు పిచ్చి కోపం వచ్చింది. కోడలు అత్తను, అదీ తన తల్లి ముందర, పరాయి మనుషుల మధ్య, అనకూడని మాటలు కొన్ని ఉంటాయి. అన్నీ అన్నాను. తల్లిని కూడా వదల్లేదు.

"కూసోండి వదినా, లేయండి వదినా! మీ ఇద్దరి మర్యాదా తగలెయ్య! బిడ్డ అల్లాడతాంటే ఇద్దురూ కూసోని ఒకరి మొగం ఒకరు సూసుకుంటాంటిరా? ఒక్క మాట, 'పోసినావా' అని ఒక్క మాట అడిగితే మీ సొమ్మేం పోతాది? దీనికేమన్నా అయ్యుంటే మీ మర్యాద తెచ్చిస్తాదా నా బిడ్డను?"

బయట వరుసలో కూర్చున్న వాళ్లు తలలు లోపలికి పెట్టి చూశారు. అత్త పైట నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. నాకు జాలి వేయలేదు. అబద్ధమెందుకు చెప్పాలి, ఒక్క రవ్వ కూడా వేయలేదు.

డాక్టరు కలం కింద పెట్టి, "అరిచింది చాలమ్మా" అన్నారు. చిత్రం, ఆమె ముఖం ఇందాకటి కంటే తేటగా ఉంది. "ఇది ఒక రకంగా మంచి వార్తే. మందు పనిచేయలేదని నేను భయపడినాను. అసలు మందు సరిగా కడుపులోకి పోనేలేదు కదా! ఇప్పుడు ఇక్కడే మొదలుపెడదాం. సాయంత్రం దాకా నా కళ్ల ముందర ఉండండి. మందు మింగి, నీళ్లో పాలో ఏదో ఒకటి తాగి, కక్కకుండా ఉంటే ఇంటికి పంపిస్తా. లేకపోతే తిరుపతి తప్పదు."

వెనక గదిలో మంచం ఇచ్చారు. నర్సు అమల కొత్త సీసా కలిపి తెచ్చి, సూది లేని సిరంజిలో మందు పట్టి నా చేతికిచ్చింది. లోహిత సిరంజి చూసింది. అంతే, పళ్లు బిగించేసింది. సూది లేదని చూపించాను, బతిమాలాను, బొమ్మలు కొనిస్తానన్నాను, చివరికి కసిరాను. తల అటూ ఇటూ విసిరి కొట్టింది. సగం మందు దిండు మీద, సగం నా చీర మీద. మళ్లీ పట్టిచ్చింది అమల. మళ్లీ అదే.

అప్పుడు అత్త లేచింది. తిట్లు తిన్న ముఖం ఇంకా ఎర్రగానే ఉంది. నేరుగా అమ్మ దగ్గరికి పోయి, చెయ్యి పట్టి లేపింది.

"రాండి వదినా. ఇది దేవసేన వొల్ల కాదు, దాని సెయ్యి అదురుతాండాది. మీరు పోయండి. నేను బిడ్డను పట్టుకుంటా."

వియ్యపురాలికి పని చెప్పడం మా అత్త జీవితంలో అదే మొదలు. అమ్మ ఒక్క క్షణం నన్ను చూసింది, పోయి చేతులు కడుక్కుంది. అత్త మంచమెక్కి పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, వీపు తన పొట్టకు ఆనించుకుంది.

"మే లోహితా, మన ఊళ్లో ఉన్నప్పుడు నాకొక దూడుండె. దానికీ ఇట్లే గొంతు వాచింది. నోరు తెరవను పొమ్మనె. ఏం జేస్తిననుకుంటావు? వెదురు గొట్టం తెచ్చి, ఈ దవడ కాడ దూర్చి, బుడుక్కున పోసేస్తి. ఎగిరి తన్నింది సూడు, నేను పోయి పేడ కుప్పలో పడితి!"

లోహిత మెడ తిప్పి జేజి ముఖంలోకి చూసింది. "పేడలోనా?" అంది. గొంతు బొంగురుపోయి, గాలి ఎక్కువ, మాట తక్కువ. అయినా అది ప్రశ్న. జ్వరం పట్టాక నా కూతురు అడిగిన మొదటి ప్రశ్న. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

నోరు తెరుచుకున్న ఆ సందులోనే అమ్మ సిరంజి బుగ్గ పక్కకు పెట్టి, కొంచెం వదిలింది. ఆగింది. పిల్ల ముఖం చిట్లించి మింగింది. ఇంకొంచెం వదిలింది. అత్త దూడ గురించి ఇంకో అబద్ధం చెప్పింది. అది విన్నంతసేపట్లో మందంతా లోపలికి పోయింది.

కానీ నీళ్లు తాగలేదు. చెంచాతో పట్టినా బయటికి వదిలేసింది. నొప్పి. మధ్యాహ్నం డాక్టరు వచ్చి చూసి, "గోరువెచ్చని నీళ్లే అక్కర్లేదు. చల్లనివి ఇవ్వండి, గొంతుకు హాయిగా ఉంటుంది. ఐస్‌క్రీం తింటుందేమో చూడండి" అని పోయారు.

నేను అత్త వైపు చూడలేదు. ఆమె ఏమంటుందో నాకు తెలుసు. ఏమీ అనకపోయేసరికి తల తిప్పి చూస్తే, మంచం మీద లేదు. అమ్మ కిటికీలోంచి చూపించింది. మండుటెండలో మా అత్త, చెప్పులు కూడా వేసుకోకుండా, తల మీద కొంగు కప్పుకుని రోడ్డు దాటుతోంది. తిరిగొచ్చేటప్పటికి చేతిలో ఐస్‌క్రీం కప్పు ఉంది, ఎండకు సగం నీళ్లయిపోయింది.

"కరిగిపోయింది వదినా. పనికొస్తాదా?" అని అడిగింది అమ్మను. నన్ను కాదు.

"కరిగిందే మంచిది. మింగేదానికి సులువు" అంది అమ్మ.

ఒకరు కప్పు పట్టుకున్నారు, ఒకరు చెంచాతో పట్టారు. మొదటి చెంచాకు లోహిత కళ్లు గట్టిగా మూసుకుంది. మింగింది. నొప్పి వస్తుందని ఎదురుచూసినట్టుంది, అంత రాలేదు. కళ్లు తెరిచి, చెంచా వైపు నోరు చాపింది. కప్పు ఖాళీ అయింది. గంట ఆగి చల్లటి పాలు, ఆ తర్వాత నీళ్లు. కక్కలేదు. సాయంత్రం ఉచ్చ పోస్తానంటే ముగ్గురం పండగ చేసుకున్నంత పని చేశాం. నర్సు అమల నవ్వింది కూడా. డాక్టరు చూసి ఇంటికి పొమ్మన్నారు. "ఈసారి మందు ఎవరు పోస్తారో ముందే తేల్చుకోండి" అన్నారు, పెద్దాళ్లిద్దరి వైపూ చూస్తూ.

ఇంటికి రాగానే అత్త వంటింట్లోకి పోయి, ఫ్రిజ్జు తలుపు బార్లా తెరిచి, "వదినా, ఇట్ల రాండి, సీసా యాడ పెట్టేదో మీరే సూపీండి" అని కేకేసింది. అమ్మ గడప దాటింది. రాత్రి వంట కూడా ఇద్దరూ కలిసే చేశారు. చారులో ఉప్పు ఎక్కువైందని అమ్మ ముఖం మీదే చెప్పింది. నేను గుండె చిక్కబట్టుకుని చూస్తున్నాను. అత్త, "ఎక్కువైతే నీళ్లు పోసుకోండి" అంది. ఇద్దరూ నవ్వారు. నేను అన్న మాటలకు అత్తను క్షమించమని అడగబోతే, "ఊరుకో మే. తల్లివి, నువ్వు గాక ఎవురంటారు?" అని కంచం నా ముందుకు తోసింది.

శుక్రవారం జ్వరం కొంచెం తగ్గింది. శనివారం ఇంకొంచెం. ఆదివారం రవిచంద్ర వచ్చేసరికి ఒళ్లు చల్లబడింది కానీ, పిల్ల గంజీ పాలూ తప్ప గట్టిది ఏదీ ముట్టడం లేదు. జ్వరం దిగింది కదా, ఇంకా మందెందుకు అన్నాడు ఆయన. ఇద్దరు పెద్దాళ్లూ ఒక్కసారే ఆయన మీద విరుచుకుపడ్డారు. మళ్లీ నోరెత్తలేదు.

సోమవారం నేను పనికి పోయాను. ధనంజయకు సారీ చెప్పుకున్నాను. మేనేజర్ చేత తిట్లు తిన్నాను, అవి లెక్కలోవి కావు. మధ్యాహ్నం లైను ఆగగానే ఇంటికి ఫోన్ చేశాను. ఎవరు ఎత్తారో తెలియదు, మాట్లాడేవాళ్లు లేరు. ఫోన్లో ఒకటే గోల.

"పొద్దున మీరు పోసినారు గదా, ఇప్పుడు నా వొంతు! సీసా ఇట్లివ్వండి!" అత్త గొంతు.

"బాగా కలపాల వదినా! అట్లే వొంచేస్తే అడుగున మందంతా ఆడే నిలిచిపోతాది! నాకీండి!" అమ్మ గొంతు.

"నాకు తెలీదా కలిపేది?"

"తెలిస్తే కలపండి మరి!"

పల్లెత్తు మాట అనుకోని మనుషులు. నేను ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడిపోయాను. ఇంతలో ఆ ఇద్దరి గోల మీదుగా, చెవి గింగురుమనేలా ఇంకో గొంతు.

"అమ్మా! వీళ్లిద్దురూ మందు కాడ కొట్లాడతానే ఉండారు! నాకు అన్నమెవురూ పెట్టల్యా! నాకు ఆకలైతాండాది! పప్పన్నం కావాల! నెయ్యేసి!"

వారం రోజులుగా గుటక మింగడానికి ఏడ్చిన గొంతు అది. చుట్టూ కాయల బుట్టలు, టిఫిన్ డబ్బాలు విప్పుకుంటున్న ఆడవాళ్లు. నేను వాళ్ల మధ్య నిలబడి, కళ్లనీళ్లు కారుతుండగా, ఫ్యాక్టరీ అంతా వినపడేలా ఫోన్లోకి అరిచాను.

"మీ కొట్లాట తర్వాత! ముందు నా బిడ్డకి అన్నం పెట్టండి!"